సూరతు త్రోవలోని నిర్జన ద్వీపములు

క్రీ. శ. 1609వ సంవత్సరము సెప్టెంబరు మొదటి వారమున సూరతునకు దక్షిణమున నున్న గణదేవి యను చిన్న రేవునకు రెండు పడవలు వచ్చి చేరినవి. వానిలో డెబ్బదికి మించిన ఆంగ్లేయు లుండిరి. వారి పెద్ద యోడ ఖంభాతు సింధుశాఖలోని ఇసుక తిన్నెలపై పగిలిపోయినది. కట్టుబట్టలును, చేతికందిన కొంత ధనమును, అరచేత బట్టుకొన్న ప్రాణములును తప్ప వారివద్ద మరేమియు లేదు. ఆ యోడ పేరు అసెన్షన్. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ నాలుగవ యాత్రకు పంపిన రెండు నౌకలలో అది యొకటి.

గణదేవి పరిసరములందు నేటికిని సముద్రముమీద బ్రతుకు జనులు పెక్కుమంది కలరు. పడవ నడపు పెద్దను అచట తండేలు అందురు. ఆ పేరు ఇంటిపేరుగ గూడ స్థిరపడినది. శ్రీకాకుళము తీరపు తెలుగు జాలరులును తమ పడవ పెద్దను తండేలనియే పిలుతురు. ఒకే మాట రెండు సముద్రముల యొడ్డున ఒకే పనికి చెల్లుచుండుట గమనింపదగినది. నేలమీది రాజ్యముల సరిహద్దులతో సంబంధము లేని నావికుల భాష యొకటి ఆ కాలమున సువాహిలీ తీరము మొదలు మలయా వరకు వ్యాపించి యుండెను. సరంగు, నాఖుదా, మాలిము, లస్కరు మొదలగు మాట లన్నియు దానిలోనివే. ఈ భాష తెలిసిన మనుష్యుడు ఒక్కడైనను పైన నుండి యుండినచో అసెన్షన్ నౌక గతి మరొక విధముగ నుండెడిది. ఆ సంగతి ముందు వచ్చును.

ఏడు నెలలకు పూర్వము ఈ మనుష్యులే మానవసంచారము లేని ద్వీపములందు పది దినములకు పైగా గడపిరి. అచట వారికి ఏ కొరతయు లేకుండెను. ఒక్క మనుష్యుడు మాత్రము కనబడలేదు. ఇచట సర్వమును పోయినది. మనుష్యులు మాత్రము కలరు. నిర్జన ద్వీపమున చిక్కుకొన్న వాని కథలను చదువునపుడు ఈ రెండు తీరములను ప్రక్కప్రక్కన నుంచి చూచుట మంచిది. అట్టి కథ యనగనే చదువరికి 1719లో డానియల్ డీఫో ప్రకటించిన రాబిన్సన్ క్రూసో జ్ఞప్తికి వచ్చును. ఆ గ్రంథమునకు ప్రేరణ యని చెప్పబడు అలెగ్జాండర్ సెల్కిర్కు నివసించిన ద్వీపము పసిఫిక్ మహాసముద్రమున చిలీ దేశమునకు పడమట నున్నది. కాని సెల్కిర్కు పుట్టుటకు నూరేండ్లకు పైబడి పూర్వమే, హిందూదేశమునకు వచ్చిపోవు నావల త్రోవలోని దీవులపై ఏకాకులైన మనుష్యులు జీవించిరి. వారి చరిత్రలు చెదరిపడి యున్నవి. సూరతు రేవును కేంద్రముగ జేసికొని చూచినచో అవి కొంతవరకు ఒకచోటికి వచ్చును.

అసెన్షన్, యూనియన్ అను రెండు నౌకలు 1608 మార్చిలో ఇంగ్లండునుండి బయలుదేరెను. అలెగ్జాండర్ షార్పీ వాని యధిపతి. ఆఫ్రికా దక్షిణాగ్రమున నిలిచి, అచటనే గుడ్ హోప్ అను చిన్న నావ నొకదానిని కూర్చుకొని, తూర్పునకు తిరిగిరి. తుపాను మూడింటిని విడదీసెను. యూనియన్ సుమత్రాకు పోయి మిరియములు నింపుకొని తిరిగి వచ్చుచు 1611లో ఫ్రాన్సు దేశపు బ్రిటనీ తీరమున బద్దలయ్యెను. అప్పటికి దానిలో జీవించియున్నవారు మిక్కిలి కొలదిమంది. అసెన్షన్ ఒంటరిగ ఆఫ్రికా తూర్పుతీరము వెంబడి ఉత్తరమునకు సాగినది. 1608 డిసెంబరున పెంబా ద్వీపమున నీటికై దిగగా తీరవాసులతో కలహము సంభవించి కొందరు చచ్చిరి. ఆ పిమ్మట ఎదురుగాలులతో పోరాడుచు, త్రాగునీటికై అంగలార్చుచు, 1609 జనవరి 19వ తేదీన వారు పటములందు సరిగా గుర్తింపబడని కొన్ని ఎత్తయిన ద్వీపములను చూచిరి. అవి నేటి సీషెల్సు. ఆ దీవులపై మనుష్యులు దిగినట్లు వ్రాతమూలకముగ లభించు మొదటి సాక్ష్యము ఇదియే.

ఆ నౌకలో జాన్ జోర్డెయిన్ అను వర్తకో ద్యోగి యుండెను. అతడు దినచర్య వ్రాసెడి యలవాటు కలవాడు. అతని వ్రాత మూడు వందల యేండ్లు మూలబడి యుండి 1905లో హాక్లూయిట్ సొసైటీవారి ప్రచురణగ వెలువడినది. ద్వీపవర్ణనలో అతని కలము ఎక్కడను ఎగిరి పడదు. సరకుల పట్టిక వ్రాయు వాని చేతివ్రాత అది. అందువలననే నమ్మదగియున్నది. కొండలనుండి దిగు మంచినీరు, తీరమంతయు కొబ్బరిచెట్లు, వల వేయకయే దొరకు చేపలు, చేతితో పట్టుకొనదగిన పావురములు. మనుష్యుని చూచి ఎగిరిపోవలె నను బుద్ధి ఆ పక్షులకు పుట్టలేదు. భూమిమీద తిరుగు తాబేళ్లు ఎంత పెద్దవనగా, చెప్పిన నమ్మరేమో యని వ్రాసినవాడే సంకోచించెను. వండకముందు వాని రూపము చూచి నావికులు తినుటకు రోసిరట. ఓడలు కట్టుటకు తగిన పొడవైన నిటారు వృక్షములు దట్టముగ నుండెను. భయపడవలసిన దొక్కటే, మొసళ్లు. చేపలు పట్టబోయిన వారు ఒకదానిని త్రాటితో ప్రాణముతో ఈడ్చుకొని వచ్చిరి. (ఆ మొసళ్లు నేడు ఆ దీవులలో లేవు, 1770లో ఫ్రెంచివారు అచట కాపురములు పెట్టిన పిమ్మట కొలదికాలమునకే అవి నశించినవి.) ఇంతకుముందు ఏ మనుష్యుడైనను ఆ నేల త్రొక్కినట్లు చిహ్న మొక్కటియు కనబడలేదని జోర్డెయిన్ వ్రాసికొనెను.

ఆ ద్వీపసముదాయమునకును హిందూదేశమునకును మనుష్యుల రాకపోకలు లేవు గాని, మరొక విధమైన రాకపోక చిరకాలమునుండి కలదు. అచటి ప్రాస్లిన్, క్యూరియూజ్ దీవులలో మాత్రమే సహజముగ పెరుగు ఒక తాళవృక్షపు కాయ, రెండు కొబ్బరికాయలు అతికినట్లుండునది, సముద్రప్రవాహములలో బడి మాల్దీవులకును, అచటినుండి మన దేశమునకును చేరుచుండెను. చెట్టును చూచినవా రెవరును లేరు. సముద్రగర్భమున ఏదో వృక్షము కలదనియు, ఈ కాయ దానిదనియు జనులు తలచిరి. ఓడలవారు దానిని దరియాయి నారియలు అనిరి. వైద్యులు మందులలో కలిపిరి. సన్యాసులు లోపలి గుజ్జు తీసి కమండలము చేసికొనిరి. దేశమంతట గుళ్ల ముంగిట భిక్షకై చాచబడిన ఆ నల్లని పాత్ర ఏ ద్వీపమునుండి కొట్టుకొని వచ్చినదో 1768వ సంవత్సరము వరకు లోకమునకు తెలియలేదు. అసెన్షన్ నావికులు పది దినములు ఆ ద్వీపసముదాయమునందే యుండియు ఆ చెట్టున్న దీవులకు పోకుండిరి.

అంతటి సమృద్ధిని విడిచి వారేల పోయిరి అను ప్రశ్నకు సమాధానము సులభము. వారు వర్తకులు. కొనువాడు లేనిచోట వర్తకునకు పని యేమి? నీరు, కట్టెలు, కొబ్బరికాయలు నింపుకొని వారు ఉత్తరమునకు సాగిరి. ఏప్రిలున ఏడెను చేరిరి. అచటి తురుష్కాధికారి వారిని నిర్బంధించి కొంతకాలము చిక్కులు పెట్టెను. మోఖాయును, సొకోత్రాయును చూచుకొని, నైరృతి ఋతుపవనము చివరిదినములందు సౌరాష్ట్రతీరమునకు వచ్చిరి.

ఇక ఖంభాతు సింధుశాఖ యనగా నేమో తెలిసికొనవలెను. అది గరాటు ఆకారమున లోపలికి పోవుకొలది ఇరుకగును. సముద్రపు పోటు ఆ ఇరుకులోనికి త్రోసికొని వచ్చి కొన్నిచోట్ల పది మీటర్ల ఎత్తునకు లేచును. పోటువేళ అంతయు ఒకే నీటిపరపు. ఆటువేళ ఆ నీరే ఏనుగుల మంద పరుగెత్తినట్లు వెలికి పోవును, క్రింద ఇసుక తిన్నెలు వీపులు చూపును. తాపి, నర్మద, మహి, సాబరమతి నదులు తెచ్చు మట్టి యంతయు ఈ శాఖలోనే పడుచుండును గనుక తిన్నెలు ఏటేట చోటు మార్చును. నిరుడు గీచిన పటము ఈ యేడు పనికిరాదు. త్రోవ ఎరిగిన వాని కన్ను తప్ప వేరు శరణ్యము లేదు. అందువలననే సూరతునకు వచ్చు పెద్ద నావలు తాపీముఖమున నిలువక, ఉత్తరమున సువాలి కడ, తీరమునకును తిన్నెకును నడుమ నున్న కాలువలో లంగరు వేసెడివి.

ఈ తీరపు మార్గదర్శకుల నేర్పును గూర్చి బౌద్ధ జాతకములలో ఒక కథ కలదు. సూరతునకు ఉత్తరమున నున్న భరుకచ్ఛములో, అనగా నేటి భరూచిలో, సుప్పారకుడను ఓడనడుపరి యుండెనట. ఉప్పునీటి తాకిడికి అతని కన్నులు పోయినవి. అయినను వర్తకులు వచ్చి బ్రతిమాలి అతనినే తమ నావకు ముఖ్యునిగ జేసికొని పోయిరి. వారు కనుచున్న దానిని చెప్పగా విని, అది యే సముద్రమో అతడు చెప్పెడివాడు. కన్నులున్న ఏడు వందలమంది ఆ గ్రుడ్డివాని మాటపై ప్రాణము లుంచి తిరిగి వచ్చిరని కథ. కథలోని అద్భుతములను ప్రక్కకు ద్రోసినను, భరుకచ్ఛపు జనులు తమ మార్గదర్శకుల నెట్లు చూచిరో దానివలన తెలియును. 1498లో మలిందీనుండి వాస్కో డ గామాను కాలికట్టునకు చేర్చినవాడు గుజరాతీ యని పోర్చుగీసుల వ్రాతలే చెప్పుచున్నవి.

అసెన్షన్ సౌరాష్ట్రతీరమున నిలిచినపుడు కొలది రూకలకు మార్గదర్శకుని ఇచ్చెదమని తీరమువారు చెప్పిరి. ఓడను నడుపు మాస్టరు ఫిలిప్ డి గ్రోవ్ అను ఫ్లెమిషుజాతివాడు. అతడు వలదనెను. దాదాపు ఏడాదిన్నర కాలము సముద్రములమీద త్రిప్పిన తనకు, గమ్యము కంటికి దగ్గరగ నున్న ఈ తుదిభాగమున మరొకని సాయమేల యని యతని తలపు కాబోలు. ఇంగ్లండునుండి తెచ్చిన సరకుల విలువతో పోల్చినచో ఆ కూలి లెక్కలోనిది కాదు. కొలది దినములలోనే నావ తిన్నెను తాకెను, చుక్కాని విరిగిపోయెను, ఆటునీటిలో అడుగు ఇసుకను కొట్టుకొని పలకలు విడిపోయెను. రాత్రివేళ పడవలు దింపుకొని వారు దానిని విడిచిరి. బ్రతికి బయటపడినవారు తమ వ్రాతలలో డి గ్రోవ్‌ను క్షమింపలేదు. అధిపతియైన షార్పీ ఆ సమయమున ఏమి చేయుచుండెనని అడుగుటకును అవకాశము కలదు. నావ నడుపువాని మొండితనము కంటె, వాని మాటకు అడ్డుచెప్పలేని అధికారి మెత్తదనము తక్కువ దోషము కాదు.

పడవలవారు సూరతు నదిలోనికి పోవలెననియే తలచిరి. గాలియు నీటిపోటును వారిని దక్షిణముగ గణదేవి యేటిలోనికి చేర్చెను. ఆ సమయముననే పోర్చుగీసు యుద్ధనౌకలు తాపీముఖమున కాచియుండినవని పిమ్మట తెలిసినది. గణదేవి అధికారి వారిని ఆదరించెను. నీరు, అన్నము, తలదాచుకొనుటకు చోటు ఇచ్చెను. మరుసటి దినములలో వారు నడచి సూరతునకు పోయిరి.

సూరతు వారిని సంతోషముతో స్వాగతించినదని చెప్పుటకు వీలులేదు, తరిమినదనియు చెప్పరాదు. ఆంగ్లేయులకు అచట అప్పటికి కోఠీ లేదు, ఫర్మానా లేదు. 1608 ఆగస్టున హెక్టరు నౌకలో వచ్చిన విలియం హాకిన్సు జహంగీరు పాదుషా దర్బారునకు ఆగ్రా పోయియుండెను. అతని సహచరుడు విలియం ఫించి సూరతులో మిగిలియుండెను. నగరపు వర్తకుల ఓడలు ఏటేట మక్కాయాత్రికులతోను, వస్త్రములతోను ఎర్రసముద్రమునకు పోయి రావలెను. ఆ త్రోవ పోర్చుగీసుల చేతిలో నున్నది. పోర్చుగీసులకు గిట్టని ఈ డెబ్బదిమందిని నగరములో నుంచుకొనుట వారికి ప్రాణగండము. కావున నగరము లోపల నివాసమునకు అనుమతి దొరకలేదు, వెలుపల నుండుడనిరి. ఆశ్రయమిచ్చుటకును భయపడుటకును నడుమ ఒక వర్తకనగరము కనుగొన్న మధ్యమార్గ మది. అతిథులును గౌరవముగ నడచుకొన్నారు కారు. కల్లు త్రాగి వీథులలో అల్లరి చేసిరి. ఒకడు మత్తులో ఆవుదూడను చంపెను. ఈ దేశమున అది నరహత్య కంటె ఘోరమని ఫించి తల పట్టుకొనెను. మొసళ్ల నడుమ పది దినములు క్షేమముగ నుండిన వారికి మనుష్యుల నడుమ ఒక పక్షము నెమ్మదిగ నుండుట కష్టమయ్యెను.

కొలదికాలములో వారు చెదరిరి. పెక్కుమంది షార్పీతో గూడి బురహానుపురము మీదుగ ఆగ్రా త్రోవ పట్టిరి; త్రోవలో కొందరు రోగములచే చచ్చిరి. రాబర్ట్ కవర్ట్ అనువాడు ఆగ్రానుండి కాందహారు, ఇస్ఫహాను, బాగ్దాదు, అలెప్పోల మీదుగ కాలినడకను 1611లో ఇంగ్లండు చేరి, మరుసటి యేడు తన యాత్రను గ్రంథముగ అచ్చువేయించెను. జోర్డెయిన్ సూరతునందే కొంతకాలము నిలిచి, ఆగ్రా చూచి, 1611లో సువాలి కడకు వచ్చిన సర్ హెన్రీ మిడిల్టన్ నావలను కలిసికొనెను. ఆంగ్లేయుల సూరతు కోఠీ స్థిరపడుటకు మరి యొకటి రెండేండ్లు పట్టినది.

వీరి సంగతి గుంపుగ బయటపడిన వారిది. గుంపులో ఒకరినొకరు తిట్టుకొనవచ్చును; తిట్టుకొనుటయు ఒక బలమే. ఏకాకి మాట వేరు.

ఆ కాలముననే మారిషసు ద్వీపమునకు సంబంధించిన ఒక సంగతి కలదు. 1601లో అచటికి వచ్చిన డచ్చి నావికులకు ఒక ఫ్రెంచివాడు కనబడెను. అతడు దాదాపు ఇరువది నెలలనుండి ఒంటరిగ నుండెను. ఒంటిమీద గుడ్డలు లేవు. తాబేళ్ల మాంసముతో బ్రతికెను. ఒడలు గట్టిగనే యుండెను గాని బుద్ధి మాత్రము కొంత చలించియుండెనట. డీఫో కథలోని క్రూసో దినములు లెక్కించును, మేకలు పెంచును, చిలుకకు మాటలు నేర్పును, లెక్కలు వ్రాయును. మతి మాత్రము చెడడు. మారిషసునందలి ఈ ఫ్రెంచివాని రూపమే సత్యమునకు సన్నిహితమని తోచును. తిండి దొరకుట వేరు, మనుష్యుడుగ మిగులుట వేరు.

మనుష్యుడుగ మిగిలిన వాడొక డున్నాడు. అతనిని హిందూదేశమే ఆ దీవికి పంపినది. ఫెర్నావో లోపెసు అల్బుకెర్కుతో గోవాకు వచ్చిన పోర్చుగీసు సైనికుడు. గోవా చేతులు మారుచున్న దినములలో అతడును మరి కొందరును బిజాపురపక్షమున చేరి, మతము మార్చుకొని, అచటి స్త్రీలను పెండ్లాడి స్థిరపడిరి. 1512లో బెనస్తరీము కోట లొంగినపుడు, అప్పగింపబడు ఈ ద్రోహులను చంపనని అల్బుకెర్కు మాట యిచ్చెను. మాట నిలుపుకొనెను, ప్రాణము మాత్రము తీయలేదు. వారి ముక్కు చెవులు కోయించి, కుడిచేయియు, ఎడమచేతి బొటనవ్రేలును నరికించెను. ఇచ్చినమాట నిలుపుకొనుటలో ఇంతటి క్రౌర్యము దాగియుండవచ్చునని చూపు సంఘటనలు చరిత్రలో తరచుగ కానరావు.

అల్బుకెర్కు 1515 చివర మరణించెను. పిమ్మట లోపెసు స్వదేశమునకు పోవు నావ నెక్కెను. దక్షిణ అట్లాంటికు నడుమ నున్న సెంట్ హెలీనా దీవిలో నావ నీటికై నిలువగా, అతడు దిగి అడవిలో దాగి, తిరిగి రాలేదు. ఆ ముఖముతో స్వదేశపు వీథులలో నడచుటకంటె మనుష్యులు లేని చోటు మేలని తలచెనేమో. నావికులు వెదకి, దొరకకపోగా, కొంత రొట్టెయు, ఎండుమాంసమును, పాతబట్టలును, నిప్పును తీరమున విడిచి పోయిరి. కుడిచేయి లేని మనుష్యుడు మిగిలిన నాలుగు వ్రేళ్లతో గుహ త్రవ్వుకొనెను. పోవుచున్న నావనుండి నీటబడి కొట్టుకొని వచ్చిన కోడిపుంజొకటి అతనికి తోడయ్యెను. పగలెల్ల అతని వెంట తిరిగి, రాత్రి గుహలో అతని తలవైపున నిలిచి నిద్రించెడిదట. గాస్పార్ కొర్రెయా అను చరిత్రకారుడు ఈ సంగతిని వ్రాసెను. లోపెసు చాలకాలము నావ కనబడగనే దాగెడివాడు. నావికులు అతనికై విత్తనములు, మొక్కలు, కోళ్లు, మేకలు దింపి పోవుచుండిరి. క్రమముగ నిమ్మ, నారింజ, దానిమ్మ మొదలగు చెట్లతో లోయలు నిండెను. కొన్నియేండ్లకు రాజు పిలిపించి మాట్లాడెను. అతడు రోము నగరమునకు పోయి పోపు వలన పాపవిమోచనము పొందెను. ఇంత జరిగిన పిమ్మట గూడ అతడు కోరిన వరము ఒక్కటే: తన దీవికి తిరిగిపోవుట. సుమారు 1545లో అచటనే మరణించెను.

లోపెసు కథకును సూరతునకును సంబంధ మేమి యని అడుగవచ్చును. 1634లో సూరతునుండి స్వదేశమునకు మరలుచు పీటర్ మండీ యను ఆంగ్లేయుడు సెంట్ హెలీనాలో దిగెను. గుజరాతులో 1630 మొదలు ప్రబలిన భయంకర క్షామమును కన్నులార చూచినవా డతడు. సూరతునుండి ఆగ్రాకు పోవు త్రోవలో శవములు పడియుండుటను వర్ణించినవాడు. సూరతు సరకుతో తిరిగిపోవు ఓడలకు ఆ దీవి విడిది. నెలల తరబడి ఉప్పుమాంసము తిని చిగుళ్లు చీముపట్టిన నావికులకు నిమ్మకాయలే మందు. వాని మొదటి చెట్లు నాటిన చేతికి నాలుగు వ్రేళ్లు మాత్రమే యుండెనన్న సంగతి ఆ కాయలు కోసికొన్నవారిలో ఎందరికి తెలియునో!

అన్ని ద్వీపములును సెంట్ హెలీనా వలె దయగలవి కావు. దానికి వాయవ్యమున మరొక దీవి కలదు. దాని పేరును అసెన్షనే. కొచ్చిలో డచ్చి కంపెనీ కొలువున కొంతకాలమున్న లీండర్ట్ హాసెన్‌బాష్ అనువానిని, పురుషునితో సంగమించిన నేరమునకై, 1725 మే నెలలో స్వదేశీయులే తీసికొని వచ్చి ఆ దీవిలో దింపి పోయిరి. ఒక పీపా నీరు, డేరా, కొన్ని విత్తనములు, కాగితము, కలము ఇచ్చిరి. అతడు దినదినము వ్రాసెను. నీరు అయిపోయెను, తాబేళ్ల రక్తమును, తుదకు తన మూత్రమునే త్రాగెను. అక్టోబరున వ్రాత ఆగిపోయినది. 1726 జనవరిలో ఆంగ్లేయ నావలవారికి ఆ పుస్తకము దొరకెను, మనిషి దొరకలేదు. ఆ దీవి మధ్యనున్న కొండమీద ఊట కలదు. 1701లో తమ యోడ మునుగగా అచట చిక్కుకొన్న విలియం డాంపియరు మనుష్యులు దానిని కనుగొని బ్రతికిరి. ఇరువది నాలుగేండ్ల క్రిందట కొందరు బ్రతికిన నేలమీదనే వీడు దప్పికతో చచ్చెను. ఒంటరివానికి లోపించునది బలము మాత్రము కాదు; ముందు వచ్చినవాని మాట. గణదేవిలో ఆ మాట చెప్పుటకు అధికారి యుండెను, సూరతులో ఫించి యుండెను. సౌరాష్ట్రతీరమున గూడ ఉండెను గాని, డి గ్రోవ్ వినలేదు.

ఇంతవరకు చెప్పినవా రందరును ఐరోపావారే. ఇది యాదృచ్ఛికము కాదు. ఓడలు పగులుట తెల్లవారి యోడలకే పరిమితము కాదు. సూరతు వర్తకుల నావలు నూరులకొలది ఇదే సముద్రముపై తిరిగినవి. వానిలో గుజరాతీ మాలిములును, లస్కరులును పనిచేసిరి. ఎన్నియో తిరిగి రాలేదు. వారిలో ఏ దీవి నెవరు చేరిరో, ఎన్ని వర్షములు చూచిరో వ్రాసి ముద్రించిన గ్రంథము లేదు. శ్రావణపూర్ణిమనాడు సముద్రునకు కొబ్బరికాయ సమర్పించి గుజరాతు తీరమున నావలు కదలించెడి యాచారము కలదు. ఆ పండుగయే తీరము వ్రాసికొన్న చరిత్ర యనుకొనవలెను. మన ప్రాచీనసాహిత్యములో ఓడ పగిలిన కథలకు కొదువ లేదు. మహాజనకుడు ఏడు దినములు సముద్రము నీదెను. హర్షుని రత్నావళిలోని రాజపుత్రిక పలకను పట్టుకొని తీరమునకు చేరి సాగరిక యయ్యెను. కాని యీ కథలలో మునిగినవాడు తీరమునకు చేరగనే కథ మనుష్యుల నడుమకు మరలును. దీవిలో ఒంటరిగ బ్రతుకుటను కథావస్తువుగ మన కవులు తరచుగ గ్రహింపలేదు. అరబ్బులలో ఇబ్న్ తుఫైల్ 12వ శతాబ్దమున ఆ పని చేసెను. హిందూదేశమునకు చేరువలోని ఒక దీవిలో ఏకాకిగ పెరిగి, తన బుద్ధిచేతనే జగత్తత్త్వమును గ్రహించిన హయ్య్ అనువాని కథ అది. 1708లో సైమన్ ఓక్లీ దానిని అరబ్బీనుండి ఆంగ్లమునకు తెచ్చెను; పదునొకండేండ్లకు క్రూసో వెలువడెను.

వ్రాయని వారి బ్రతుకు ఎట్లుండెనో తెలిసికొనుటకు ఒక్క దీవిపై మాత్రము సాక్ష్యము మిగిలినది. మడగాస్కరునకు తూర్పున, ఇంచుమించు ఒక చదరపు కిలోమీటరు వైశాల్యము గల ఇసుకదిబ్బ యున్నది. చెట్టు లేదు, తుపానులకు కెరటములు దానిమీదుగ పొరలును. 1761 జూలై 31వ తేదీ రాత్రి ఫ్రెంచి కంపెనీ యోడ లూటీల్ దానికి కొట్టుకొని పగిలెను. మడగాస్కరునుండి దొంగచాటుగ తెచ్చిన నూట అరువదిమంది బానిసలు అడుగున నుండిరి. పైమూతలు మూసియుండుటచే వారిలో ఎందరో అచటనే మునిగిరి. మిగిలినవారందరు కలిసి నుయ్యి త్రవ్విరి. ఓడ కర్రలతో ఒక నావ కట్టిరి. ఆ నావ కట్టుటలో బానిసల చేతులును పనిచేసెను. రెండు నెలలు గడవకముందే 122 మంది ఫ్రెంచివారు దాని నెక్కి పోయిరి. అరువదిమంది బానిసలను మూడు నెలల తిండితో విడిచి, మరల వచ్చెదమని చెప్పిరి. లెఫ్టినెంటు కాస్తెలాన్ తన మాట నిలుపుకొనవలెనని అధికారులను వేడెను. మారిషసు గవర్నరు ఓడ నిచ్చుటకు నిరాకరించెను.

పదునైదేండ్లు గడచినవి. 1776 నవంబరు 29వ తేదీన త్రొమెలాన్ అను అధికారి నడుపు లా దోఫీన్ నౌక వచ్చి చూడగా ఏడుగురు స్త్రీలును, ఎనిమిది నెలల మగశిశువును జీవించియుండిరి. వారు వెలిగించిన నిప్పు అన్ని యేండ్లును ఆరలేదు. పక్షుల ఈకలతో బట్టలు అల్లుకొనిరి. ఈ శతాబ్దమున, 2006 మొదలు, పురాతత్త్వవేత్తలు ఆ దిబ్బను త్రవ్విరి. పగడపురాతి గోడల చిన్న గదులు, వానిలో వరుసగ బోర్లించిన రాగిగిన్నెలు, మరల మరల మాటు వేసిన పాత్రలు, ఓడ ఇనుముతో చేసికొన్న పనిముట్లు బయటపడెను. కొన్ని గిన్నెలకు మాటుమీద మాటు, దానిమీద మరొక మాటు కలదు. మడగాస్కరులో రాతిగృహము చచ్చినవారికే గాని బ్రతికినవారికి కట్టరు; తుపానునకు కర్ర నిలువదు గనుక వారు ఆచారమును విడిచి రాతిగోడలు లేపిరి. ఆ గోడలను చూచినచో వ్రాతయొక్క అవసరము కొంత తక్కువయని తోచును.

ఆ స్త్రీలను మారిషసునకు కొనిపోయి స్వతంత్రులుగ ప్రకటించిరి. వారిలో ఒకతె శిశువునకు తల్లి, మరొకతె అమ్మమ్మ. శిశువునకు మోషే యను పేరు పెట్టిరి. ఆ దీవికి మాత్రము వచ్చి కొనిపోయిన అధికారి పేరు పెట్టిరి. నేటికిని పటములందు అది త్రొమెలానే.